అప్‌డేట్: రెండు గేమ్ బాయ్‌లతో లైవ్ సెట్, పీఏలో (స్పీకర్ సిస్టమ్‌లో) గుయ్ మోత – కారణం దొరికింది

ఈ మోత ఎందుకొస్తోందని ఇంతకుముందు అడిగాను, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూసేవాళ్లకు: డీఎంజీలు (మొదటి మోడల్ గేమ్ బాయ్‌లు) రెండు, రెండింట్లోనూ ఎల్‌ఎస్‌డీజే (గేమ్ బాయ్ మీద మ్యూజిక్ చేసే ప్రోగ్రామ్), రెండూ ఒకే టెంపోలో నడవడానికి లింక్ కేబుల్. ఒక్కటే ఆన్‌లో ఉంటే శుభ్రంగానే వినిపించేది. రెండోది కూడా అదే పవర్ బ్యాంక్‌కి తగిలించగానే గుయ్‌మని మోత.

సౌండ్ ఇంజినీర్ తేల్చింది గ్రౌండ్ లూప్ అని, అంటే గ్రౌండ్ తీగలు రెండు చోట్ల కలిసి ఒక వలయం అవడం. రెండింటి గ్రౌండూ పవర్ బ్యాంక్ దగ్గర ఒకసారి, మిక్సర్ దగ్గర ఇంకోసారి కలుస్తోంది. పవర్ బ్యాంక్‌లో వోల్టేజ్ మార్చే కన్వర్టర్ రొద ఆ దారినే ఆడియోలోకి దూరుతోంది. "ముందు బ్యాటరీలు వేసి చూడండి" అన్న సలహానే పనిచేసింది: ఒక్కోదానికి 4 ఏఏ సెల్స్. రీఛార్జబుల్ ఎన్‌ఐఎంహెచ్ కూడా చాలు, 4.8 వోల్టులకు హాయిగా నడుస్తుంది. లింక్ కేబుల్లోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది కాబట్టి కాస్త మోత మిగిలింది. ఒకదానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రెండు ఛానెళ్ల డీఐ (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే డబ్బా) పెట్టి, దాని మీద గ్రౌండ్‌ని విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కితే అదీ పోయింది.

ప్రోసౌండ్ మాడ్ (ఆడియోని బోర్డు నుంచి నేరుగా బయటికి తీసే మార్పు), కెపాసిటర్లు, బ్యాక్‌లైట్, వీటికీ ఈ మోతకూ సంబంధం లేదు. బోర్డు విప్పక్కర్లేదు.

డీఐకి వై కేబులే వాడండి: 3.5 ఎంఎం స్టీరియో నుంచి రెండు మోనో జాక్‌లు. స్టీరియో జాక్‌ని నేరుగా ఒకే బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (రెండు తీగల మధ్య తేడానే తీసుకునే ఇన్‌పుట్) గుచ్చితే ఎడమ కుడి ఒకదాన్నొకటి కొట్టేసుకుని మధ్యలో ఉన్న కిక్ డ్రమ్ మాయమవుతుంది.