తొమ్మిదేళ్ల సర్వీసు, నాలుగో కాంట్రాక్టర్: ఇక్కడే ఉండాలా, వైజాగ్ వెళ్లిపోవాలా?

ఒడిశా రాయగడ జిల్లాలో ఒక పెద్ద ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చేస్తున్నా, పేరు వద్దులెండి. తొమ్మిదేళ్లు దాటింది, ఈ నెలాఖరుకి నాలుగో కాంట్రాక్టర్ వస్తున్నాడు. టెండర్ మారినప్పుడల్లా అదే ప్యానెల్, అదే షిఫ్ట్, మెడలో గేట్ పాస్ ఒక్కటే మారుతుంది, కాగితం మీద మాత్రం నేను మళ్లీ కొత్తవాణ్ణి. మొన్న సూపర్‌వైజర్ వచ్చి పాత పాసులు ఇచ్చేయండి, కొత్తాయన అందరినీ తీసుకోడట, లిస్టు తర్వాత చెప్తాం అన్నాడు. అప్పటి నుంచి మా బ్యాచ్‌లో ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. నా పక్కనే నిలబడి పనిచేసే పర్మనెంట్ ఆయన జీతం నా జీతానికి రెండింతల పైనే. మంచివాడు, పని నేర్పిందీ ఆయనే, కానీ బోనస్ మాట వస్తే నన్ను చూసి టక్కున ఆపేస్తాడు, అదే ఇంకా బాధేస్తుంది. మా ఆవిడ వైజాగ్ పోదాం అంటోంది. పాప ఒడియా మీడియంలో ఐదు చదువుతోంది, అక్కడికెళ్తే మళ్లీ అ ఆల నుంచి మొదలు. పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా? పీఎఫ్ తీసేసుకోమంటున్నారు, తీసుకోనా?

గుణుపూర్ ఫిట్టర్: తమ్ముడూ, పీఎఫ్ ముట్టుకోకు. కంపెనీ వాటా 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకి పోతుంది, నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఫారం 10సి పెట్టి ఆ డబ్బు తీసేసుకుంటే అప్పటిదాకా ఉన్న సర్వీసు చెరిగిపోతుంది. మా బావమరిది ఒకసారి ఇంటి స్లాబుకని, ఒకసారి చెల్లెలి పెళ్లికని టెండర్ మారినప్పుడల్లా తీసేశాడు, పధ్నాలుగేళ్లు చేసి ఇవాళ పెన్షన్ లేకుండా కూర్చున్నాడు. నీకు పదేళ్లు నిండడానికి ఇంకో ఏడాది కూడా లేదు. పాత యూఏఎన్ నంబరే, అంటే కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరే, కొత్తాయనకి ఇవ్వు, కొత్తది తీస్తానంటే ఒప్పుకోకు.

కొరాపుట్ నుంచి: సర్వీసు సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. పర్మనెంట్ చేయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, కాంట్రాక్ట్ పద్ధతి రద్దయినా ఆటోమేటిక్‌గా కంపెనీ మనుషులైపోరని సుప్రీంకోర్టు 2001లోనే స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. గ్రాట్యుటీకి, అంటే పని మానేటప్పుడు యజమాని సర్వీసుకి ఇచ్చే డబ్బుకి, మామూలుగా ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు అడుగుతారు, మన టెండర్లేమో రెండు మూడేళ్లకే మారిపోతాయి, ఎవరికి ఐదేళ్లు నిండుతాయి? అయితే కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉండేది, దాని బదులు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంచారు. ఆ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే. అడిగి తీసుకో. పాత గేట్ పాస్ ఇచ్చేముందు రెండు వైపులా ఫోటో తీసుకో, నువ్వు అక్కడ పనిచేశావని చెప్పే కాగితం అదొక్కటే కావచ్చు.

రాయగడ అమ్మాయి: అన్నయ్యా, లిస్టు వచ్చేలోగా ఎవరూ రాత్రిపూట ఒంటరిగా సూపర్‌వైజర్ ఇంటికి వెళ్లొద్దు. పోయినసారి మా ఆయన బ్యాచ్‌లో అదే జరిగింది, ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి నీకొక్కడికే ఉంచుతాం, రోజు కూలీ కొంచెం తగ్గించుకో అన్నారు, అందరూ భయంతో ఒప్పుకున్నారు, ఎవరి రేటు ఎంతో ఒకరికొకరు చెప్పుకోలేదు. జీతం రోజు స్లిప్పులు పక్కపక్కన పెట్టుకుంటే తెలిసింది. వైజాగ్ మేమూ వెళ్లాం. జీతం ఎక్కువే, అద్దె, స్కూల్ ఫీజు పోగా చేతిలో మిగిలింది ఇక్కడ మిగిలేదే. పైగా అక్కడా కాంట్రాక్టే.

అడిగినవాణ్ణి: అందరికీ దండాలు. రాత్రి ఫోన్లో పాస్‌బుక్ తెరిచాను. నాకు రెండు యూఏఎన్‌లు ఉన్నాయి, రెండో కాంట్రాక్టర్ ఏడు నెలలు స్లిప్పులో కోసిన డబ్బు అసలు కట్టనే లేదు. మా ఆవిడ ట్రంకు పెట్టెలోంచి ఆ స్లిప్పులన్నీ వెతికి తీసింది, ఒకటి చెదలు తిన్నాయి, ఆరున్నాయి. పర్మనెంట్ ఆయనకి చూపిస్తే ఒడియాలో అర్జీ తనే రాసిచ్చాడు. సోమవారం ఎ షిఫ్ట్ దిగాక పన్నెండు మందిమి కలిసి లేబర్ ఆఫీసుకి వెళ్తున్నాం.