సెకండ్ హ్యాండ్ వ్యాగన్ఆర్: వారంటీ ఆర్‌సీ తేదీ నుంచా, డెలివరీ నుంచా?

మౌలాలి కుర్రాడు:
మా ఆఫీసులో సీనియర్ ఒకాయన వ్యాగన్ఆర్ అమ్ముతున్నారు. టీజీ నంబరు, ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ 22-07-2024. మీటరు 43 వేలు దాటింది. "మారుతి మూడేళ్ల వారంటీ ఇస్తుంది, బేఫికర్‌గా తీసుకో" అంటున్నారు. ఆయన చెప్పే రేటంతా ఆ వారంటీ మీదే నిలబడింది. గుచ్చి గుచ్చి అడిగితే బాగోదు. ఎక్కడ చూస్తే తెలుస్తుందన్నా?

బోడుప్పల్ బండి:
ఎం-పరివాహన్ అని గవర్నమెంట్ యాప్ ఉంది, అందులో నంబర్ కొట్టు తమ్ముడూ, అన్నీ వస్తాయి.

పాత సర్వీస్ అడ్వైజర్:
అందులో ఇన్సూరెన్సు, పొల్యూషన్ తేదీలు ఉంటాయి కానీ కంపెనీ వారంటీ ఉండదు.

లెక్క డెలివరీ నుంచి మొదలవుతుంది. 2024 జులై 9 నుంచి డెలివరీ ఇచ్చిన బళ్లకే మారుతి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేసింది. అంతకుముందువాటికి రెండేళ్లు లేదా 40 వేలు, ఏది ముందైతే అది. టీఆర్ (టెంపరరీ రిజిస్ట్రేషన్) నంబరుతో బండి బయటికొచ్చాక పర్మనెంట్ నంబరు రావడానికి టైం పడుతుంది కాబట్టి ఆర్‌సీ తేదీని నమ్మకండి. పైగా ఆ ఏడాది ఆషాఢం జులై 6న వచ్చింది. మనవాళ్లు ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తెస్తారా? నాకైతే జూన్ డెలివరీ అనిపిస్తోంది.

ఇన్‌వాయిస్ అడగండి. దొరక్కపోతే ఆర్‌సీలోని 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో ఏదైనా మారుతి సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, ఓనర్ని వెంటబెట్టుకుని. వారంటీ ఎప్పటిదాకా ఉందో, విడిగా డబ్బు కట్టి పొడిగించుకునే ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టారో లేదో సిస్టంలో చూసి చెప్తారు. పనిలో పనిగా సర్వీస్ హిస్టరీ కూడా చూపించమనండి, మీటరు తిప్పారేమో తేలిపోతుంది.

నాచారం శీను:
వారంటీ ఉన్నా బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు లాంటి అరిగే సామాన్లకి మన జేబులోంచే. టైర్లు, బ్యాటరీ వారంటీ వాటి కంపెనీలే చూసుకుంటాయి.

మౌలాలి కుర్రాడు:
అన్నా, మీ ఆషాఢం లెక్క కరెక్ట్! ఇన్‌వాయిస్ మీద 28-06-2024. వాళ్లమ్మగారే తొందరపెట్టారట. ఎక్స్‌టెండెడ్ కట్టలేదు. 40 వేలు దాటిందంటే వారంటీ ఎప్పుడో అయిపోయినట్టే కదా. పాపం ఆయనకీ తెలీదు, పేపర్లో చదివి మూడేళ్లనుకున్నారు. రేటు ఎంత తగ్గించమనొచ్చు?

పాత సర్వీస్ అడ్వైజర్:
ముందు మెకానిక్‌తో సస్పెన్షన్, ఏసీ చూపించండి. ఆ ఖర్చు తేలాక కూర్చుని మాట్లాడండి.