రౌటర్‌లో తెలియని అడ్రస్‌లు: మ్యాక్ ఫిల్టర్ పెట్టాలా, పాస్‌వర్డ్ మార్చితే సరిపోతుందా?

తొలకరి (ప్రశ్న):
మా ఇంట్లో వైఫైకి కలిసే పరికరాలు నా లెక్కకు 9 ఉండగా, రౌటర్ పేజీలో 14 కనిపిస్తున్నాయి. ఎక్కువగా వచ్చిన 5లో నాలుగింటికి పేరే లేదు. ఐదోదాని పక్కన ‘ఎస్ప్రెస్సిఫ్’ అని ఉంది, ఆ పేరున్న వస్తువేదీ మేము కొనలేదు. ఇది చాలదన్నట్టు, రౌటర్ 192.168.0.1 మీద ఉండగా, నిన్న నా ల్యాప్‌టాప్‌కు 192.168.1.23 అనే ఐపీ అడ్రస్ వచ్చి, అరగంటసేపు ఇంటర్నెట్ రాలేదు. ఎవరో మా వైఫై వాడుకుంటున్నారన్న అనుమానం పట్టుకుంది. మన పరికరాల మ్యాక్ అడ్రస్‌లను (ఒక్కో పరికరాన్ని వైఫైలో గుర్తించే సంఖ్యలను) మాత్రమే రానిచ్చే ఫిల్టర్ పెట్టమని కొందరు, అది దండగ, పాస్‌వర్డ్ మార్చితే చాలని మరికొందరు అంటున్నారు. ఏది సరైనదో కారణాలతో చెప్పగలరు.

మర్రిఊడ:
ఫిల్టర్ పెట్టండి. మీరు తికమకపడటానికి కారణం ఫోన్లే. ఆండ్రాయిడ్ 10 (2019), ఐఓఎస్ 14 (2020) నుంచి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పకుండా, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయి. బయట మన జాడను ఎవరూ వెంబడించకుండా ఉండేందుకు అది మంచిదే కానీ, సొంత ఇంట్లో దాని అవసరమేమిటి? ఇంటి నెట్‌వర్క్ వరకు ఆ సెట్టింగ్ ఆపేయండి, అసలు అడ్రస్‌లకు పేర్లు రాసుకోండి, వాటినే అనుమతించండి. ఏళ్ల తరబడి ఇలాగే చేస్తున్నాను. నాకు తెలియకుండా మా ఇంటి వైఫైలో కొత్త పరికరం చేరిన రోజు లేదు.

తీగమొన:
మర్రిఊడ గారి క్రమశిక్షణ మెచ్చుకోదగినదే, కానీ ఆయన తలుపుకు వేస్తున్నది తాళం కాదు. వైఫైలో మనం పంపే సమాచారం గుప్తీకరణలో దాగుతుంది గానీ, ప్రతి ఫ్రేము (ఒక్కో విడతగా వెళ్లే సమాచారపు ముక్క) ముందు భాగంలో ఉండే మ్యాక్ అడ్రస్ మాత్రం గాలిలో బాహాటంగానే వెళుతుంది. పక్కన కూర్చుని వినేవారు మీ ఫోన్ అడ్రస్‌ను పట్టుకుని, దాన్నే తమ ల్యాప్‌టాప్‌కు తగిలించుకోవడానికి నిమిషాలు చాలు. కాబట్టి పాస్‌వర్డ్ తెలిసినవాడిని ఫిల్టర్ ఆపలేదు. తెలియనివాడు ఫిల్టర్ లేకపోయినా లోపలికి రాలేడు.

తొలకరి గారూ, ముందు ఆ నాలుగు అడ్రస్‌లలో రెండో అంకె చూడండి. మ్యాక్ అడ్రస్‌కు 12 అంకెలు (0 నుంచి 9, ఆపై ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ అంకెలుగానే లెక్క). అసలు అడ్రస్‌లో మొదటి 6 సాధారణంగా తయారీదారును చెబుతాయి. రెండో స్థానంలో 2, 6, ఏ, ఈ లలో ఏదైనా ఉంటే అది పరికరమే కల్పించుకున్న అడ్రస్, అంటే చాలావరకు ఏదో ఒక ఫోనో ట్యాబ్లెట్టో. ఎస్ప్రెస్సిఫ్ అన్నది వైఫై చిప్పులు చేసే సంస్థ. స్మార్ట్ ప్లగ్గులు, బల్బుల మీద ఏ పేరున్నా లోపల దాని చిప్పు ఉంటే రౌటర్‌లో చిప్పు పేరే పడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా ఆపి, ఏ వరుస మాయమవుతుందో చూడండి. ఇంకో మాట: చాలా రౌటర్లు చూపించేది ఈ క్షణాన ఉన్నవారిని కాదు, లీజు (కొంత గడువుకు అడ్రస్) ఇచ్చినవారిని. లీజు 24 గంటలైతే, నిన్న వచ్చి వెళ్లిన చుట్టాల ఫోన్ ఈరోజు కూడా జాబితాలో ఉంటుంది.

ఈశాన్యం:
ఇద్దరూ ఫిల్టర్ దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ 192.168.1.23 మీదే దిగులుగా ఉంది. 192.168.0.1 మీద ఉన్న రౌటర్ మామూలు సెట్టింగ్స్‌తో ఆ వరుస అడ్రస్ ఇవ్వదు. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఇంట్లో రెండోది ఎక్కడో నడుస్తోందన్నమాట. పరికరం ‘నాకొక అడ్రస్ కావాలి’ అని అందరికీ వినిపించేలా అడుగుతుంది, ముందు పలికినవారి మాట తీసుకుంటుంది. అందుకే మీ ల్యాప్‌టాప్ ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు ఉండదు. 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చి ఉంటే అసలెవరూ పలకలేదని అర్థం చేసుకోవాలి. మీది అది కాదు, ఇక్కడ ఇద్దరు పలుకుతున్నారు. సిగ్నల్ అందని గదిలో పాత రౌటర్ ఏదైనా కేబుల్‌తో కలిపారా? మళ్లీ ఆ అడ్రస్ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో డీఫాల్ట్ గేట్‌వే (ఇంటర్నెట్‌కు దారిగా అది వాడే రౌటర్ అడ్రస్) చూడండి. 192.168.1.1 అని ఉంటే బ్రౌజర్‌లో దాన్నే తెరవండి, దొంగ దొరుకుతాడు.

మర్రిఊడ:
మ్యాక్ అడ్రస్‌ను నకలు చేయవచ్చన్నది ఒప్పుకుంటాను. కానీ అంత శ్రమపడే మనిషి వేరు, పిల్లల స్నేహితులకు చెప్పిన పాస్‌వర్డ్ వాళ్ల ద్వారా నలుగురికీ పాకడం వేరు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది, దాన్ని ఫిల్టర్ ఆపుతుంది. జాబితాలో ప్రతి వరుసా ఎవరిదో చెప్పగలిగితేనే పరాయిది కంటపడుతుంది కదా?

తీగమొన:
పిల్లల స్నేహితులకు గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం వేరే పాస్‌వర్డ్‌తో ఉండే వైఫై) ఉంది. అసలు పాస్‌వర్డ్ చెప్పనే అక్కర్లేదు. చెప్పేసి ఉంటే మార్చడమే మందు, ప్లగ్గులన్నీ మళ్లీ కలపాల్సిన శ్రమ ఉన్నా సరే. అదే పూటలో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తోనో బటన్‌తోనో కలిపే సదుపాయం) కూడా ఆపేయాలి. దాని పిన్‌లో 8 అంకెలున్నా, రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కతో వచ్చేదే. అందువల్ల 11,000 ప్రయత్నాల లోపే పట్టుకోవచ్చని 2011లోనే బయటపడింది. అది తెరిచి ఉంచితే పాస్‌వర్డ్ ఎంత పొడవైనా ప్రయోజనం లేదు.

ఈశాన్యం:
రెండో రౌటర్ ఉన్నదే నిజమైతే మీ వాదన మరోలా తేలుతుంది. వైఫై ఫిల్టర్ సాధారణంగా ఆ రౌటర్ వైఫైకే వర్తిస్తుంది. పాత రౌటర్ వైఫై మీదుగా కేబుల్‌లోకి దిగేవారిని అది చూడనే చూడదు.

తొలకరి:
పొద్దున్నే కూర్చుని అన్నీ చూశాను. గేట్‌వే 192.168.1.1 అనే ఉంది. వెనక గదిలో మా తమ్ముడు పెట్టిన పాత రౌటర్, ప్రధాన రౌటర్ కేబుల్‌ను తన లాన్ పోర్టులోనే (ఇంటి పరికరాలను కలిపే పోర్టు) గుచ్చుకుని ఉంది, దాని డీహెచ్‌సీపీ నడుస్తూనే ఉంది. దానికి ముందు 192.168.0.2 ఇచ్చి (ప్రధాన రౌటర్ పంచేది 100 నుంచి మొదలవుతుంది), ఆ తర్వాత డీహెచ్‌సీపీ ఆపాను. ఈ వరుస తప్పితే దాని పేజీ మళ్లీ తెరవడం కష్టమయ్యేది.

పేరులేని నాలుగింటిలో మూడింటి రెండో అంకె ఏ, 6, ఈ. మూడూ అమ్మ ఐఫోన్‌వే. పాత రౌటర్ ఇంకా టీకేఐపీ అనే పాతకాలపు భద్రతతో నడుస్తోంది, ఫోన్‌లో ‘భద్రత బలహీనం’ అన్న హెచ్చరిక కూడా ఉంది. ఐఓఎస్ 18 అలాంటి నెట్‌వర్క్‌లో రెండు వారాలకొకసారి అడ్రస్ మార్చుకుంటుందట, మా రౌటర్ పాతవి చెరపకుండా పోగుచేసింది. రెండు చోట్లా భద్రతను అంతకంటే బలమైన డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కు మార్చి, ఫోన్‌లో స్థిరమైన ప్రైవేట్ అడ్రస్ ఎంచుకున్నాను. అసలు అడ్రస్ బయటపెట్టకుండానే ఇకపై జాబితాలో ఒకే వరుస ఉంటుంది. హాల్లో ప్లగ్గు తీయగానే ఎస్ప్రెస్సిఫ్ పోయింది.

నాలుగోది ఎవరిదో తేలలేదు. రెండో అంకె 8, కాబట్టి కల్పితం కాదు, ఇంట్లో అన్నీ ఆపినా జాబితాలో నిలిచింది. పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ ఆపి ఆరు గంటలైంది, ఇంతవరకు తిరిగి రాలేదు. ఫిల్టర్ పెట్టలేదు కానీ, మర్రిఊడ గారి మాట ప్రకారం 11 వరుసలకూ పేర్లు రాసి ఉంచాను. పదోది హాల్లో ప్లగ్గు, పదకొండోది ఆ పాత రౌటరే.