బతుకమ్మ ప్లానింగ్: మేయర్‌కు ఏం కానుక ఇద్దాం?

కల్చరల్ టీం: అందరికీ నమస్తే. సద్దుల బతుకమ్మకు మేయర్ వస్తున్నారు, ఖాయమైంది. స్టేజీ మీద మన అసోసియేషన్‌కు ‘కీ టు ది సిటీ’, అంటే గౌరవంగా ఇచ్చే ఊరి తాళంచెవి, ఇస్తారట. మనం శాలువా, బొకేతో సరిపెడితే నాకు మనసొప్పడం లేదు.

ఆ తాళంచెవితో ఏ తలుపూ తెరుచుకోదనుకోండి. కోటగోడలున్న ఊళ్లలో రాత్రి దర్వాజాలు మూసేసే కాలం నాటి మర్యాద అది. 1980లో సద్దాం హుస్సేన్‌కే డెట్రాయిట్ తాళంచెవి ఇచ్చారు, మనకిస్తే తప్పేముంది! మన ఓరుగల్లుకూ మట్టికోట, రాతికోట, కందకం ఉన్నాయి. అందుకే మనమూ తాళంచెవే ఇద్దాం, పెంబర్తి ఇత్తడిది.

డెకరేషన్: సూపర్ అక్కా! పైన కాకతీయ తోరణం పెట్టిద్దాం.

కల్చరల్ టీం: పెట్టిద్దాం తమ్మీ. కానీ యాంకర్ స్క్రిప్టులో ‘కోట ద్వారం’ అని రాస్తే మాత్రం ఊరుకోను. ఓరుగల్లు కోటలోని ఆ నాలుగు తోరణాలు స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలబెట్టినవి. వాటికి తలుపులే లేవు. తాళంచెవి మీద తలుపు లేని తోరణం, అదే నాకు నచ్చింది. ఎప్పుడైనా రండి అన్నట్టుంటుంది.

ట్రెజరర్: కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అయితే ఇంకా గ్రాండ్‌గా ఉంటుంది కదమ్మా?

కల్చరల్ టీం: ఉంటుంది అన్నా, కానీ అదంతా సన్నటి వెండి తీగల అల్లిక. సూట్‌కేసులో ఎక్కడ వంగుతుందోనని టెన్షన్. పైగా ఈ దేశంలో పదవిలో ఉన్నవాళ్లు తీసుకునే కానుకలకు రూల్స్ ఉంటాయి. ఎంత ఖరీదు వరకు పర్వాలేదో మేయర్ ఆఫీసును మీరే అడగండి, ఆర్డర్ ఇచ్చే ముందే.

పెంబర్తి వాళ్లది రేకు పని. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో కొట్టి బొమ్మ తేలుస్తారు. కాబట్టి గట్టి ముద్ద తాళంచెవి అడగొద్దు. రేకు మీద ఉబ్బెత్తుగా చేయించి చెక్క పలకకు బిగిద్దాం. తేలిక కూడా, చీరల మడతల్లో పెట్టేయొచ్చు. మేయర్ పేరు స్పెల్లింగ్ ఇద్దరు చూశాకే చెక్కడానికి పంపండి.

హన్మకొండ నుంచి పండక్కి ముందు ఎవరైనా వస్తున్నారా? జనగామ దాటగానే పెంబర్తి, ఎయిర్‌పోర్టుకు పోయే దారే.

ఫుడ్ కమిటీ: మా అత్తమ్మ వస్తున్నారు అక్కా. కానీ సకినాలకు, పచ్చళ్లకే బరువు సరిపోవట్లేదంటున్నారు.

కల్చరల్ టీం: రెండు కిలోల సకినాలు తగ్గించమని నువ్వే అడుగు. నాకంత ధైర్యం లేదు.