కోడి కార్జంతో కుక్కకి తాయిలాలు: ఓవెన్ లేకుండా కుదురుతుందా?

రాగి వాళ్ళమ్మ, గుంటూరు

అందరికీ నమస్కారమండీ. మా లాబ్రడార్ పేరు రాగి. ఆడది, మూడేళ్ళు, 27 కిలోలు. ఒంటి రంగు చూసి మా అమ్మాయి పెట్టిన పేరు. అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. పగలంతా ఇంట్లో రాగి, నేను, నా కుట్టుమిషనూ.

సమస్య గోళ్ళ దగ్గర మొదలైంది. పోయిన సంక్రాంతికి మా ఆయన గోళ్ళు కత్తిరించబోయి లోపలి నరం దాకా కోసేశారు. నట్టిల్లంతా రక్తం. అప్పట్నుంచి కట్టర్ టక్కుమంటే చాలు, మంచం కిందకి దూరుతుంది. అది దూరితే మంచమే లేస్తుంది. డాక్టరు గారేమో కట్టర్ చూపించి ఒక ముక్క పెట్టు, కాలు ముట్టుకుని ఒక ముక్క పెట్టు, నెల పట్టినా కంగారు పడకు అన్నారు. బాగానే ఉంది కానీ ఆ ముక్కల ప్యాకెట్టు 70 గ్రాములు 220 రూపాయలు. నాలుగు రోజులు రావట్లేదు. ఆ డబ్బుకి మా వీధి చివర షాపులో కిలోన్నర కోడి కార్జం వస్తుంది.

అందుకని నేనే చేశాను. అరకిలో కార్జం ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, ముక్కలు కోసి, డాబా మీద చాటలో ఎండబెట్టాను. ఆషాఢ మాసం. సగం కాకులకి పోయింది. మిగిలింది స్టీలు డబ్బాలో పెడితే నాలుగో రోజుకి తెల్లగా బూజు. ఇంకోసారి మా ఆయన మటన్ కార్జం పావుకిలో తెచ్చి, బలమని ఒక్కపూటే మొత్తం పెట్టేశారు. మర్నాడు నల్లగా జారుడు విరేచనం. వాకిలి కడగలేక చచ్చాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కరు, అట్లపెనం, మిక్సీ ఉన్నాయి. శనివారం, పండగలకి వంటింట్లో నీచు కూడదు కాబట్టి పెరట్లో చిన్న గ్యాస్ పొయ్యి మీద చేసుకోవాలి. బూజు పట్టకుండా ఎలా ఆరబెట్టాలి? రోజుకి ఎంత పెట్టొచ్చు? మటన్ కార్జం అసలు పెట్టొచ్చా?

సీతమ్మధార బాబాయ్, విశాఖపట్నం

అమ్మా, పోర్టులో క్రేన్ మీద 31 ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు రెండు కుక్కల కింద పనిచేస్తున్నాను.

నీ ముక్కల్లో తడి పోలేదు, అంతే జరిగింది. పైన గట్టిపడ్డాయి, లోపల మెత్తగానే ఉన్నాయి. మూతపెట్టిన డబ్బాలో ఆ తడే బయటికొచ్చి బూజైంది. బూజు గీకేసి మిగతాది పెట్టాననలేదు కాబట్టి సంతోషం. డబ్బాలో ఒక్క ముక్కకి పట్టినా మొత్తం పారెయ్యాల్సిందే.

పోనీ మే నెలలో మా గుంటూరు ఎండలో పెడతానంటావేమో. వడియాలకీ ఒరుగులకీ సరే, కార్జానికి వద్దు. ఈగల సంగతి అలా ఉంచు. ఎంత ఎండైనా మాంసం వెచ్చబడుతుందే గాని కాలదు, ఆ వెచ్చదనంలోనే సూక్ష్మజీవులు పిల్లలు పెడతాయి. ఎండుచేపకైతే ఉప్పు కాపలా ఉంటుంది. కుక్కకి మనం ఉప్పు వెయ్యం కదా. ఇకముందు నువ్వూ వెయ్యకు. పసుపు వల్ల నష్టం లేదు, పనీ లేదు.

నేను చేసేది చెబుతాను. పొద్దున్నే షాపుకెళ్ళి కార్జం, గుండెకాయలు, కందనకాయలు వేటికవి వేరుగా కట్టమంటాను. కార్జానికి ఎక్కడైనా ఆకుపచ్చ మరక కనిపిస్తే అది చేదుకట్టు చితికిన చోటు, అక్కడికి కోసెయ్యాలి. నీళ్ళు తెర్లుతున్నప్పుడు కార్జం వేసి పది నిమిషాలు. పెద్ద ముక్కని మధ్యకి కోసి చూస్తే ఎక్కడా ఎరుపు ఉండకూడదు. మీకు వేపుడు చేసుకునే రోజే దానికీ చేస్తే ఇంకా సులువు, దాని వాటా ముందే తీసేసి తర్వాత మీ ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేసుకోండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల నెత్తుటిలో ఎర్రకణాల్ని పగలగొడతాయి. వండినా అంతే, పొడి చేసినా అంతే. ఉడికిన నీళ్ళు పారబొయ్యకు, చల్లారాక రెండు గరిటెలు అన్నంలో కలిపితే గిన్నె నాకి నాకి తళతళలాడిస్తుంది.

చల్లారాక శనగగింజంత ముక్కలు. ఇక్కడే అందరూ పెద్దవి కోస్తారు. ముక్క ఎంతుందని కుక్క చూడదు, ఎన్నిసార్లు ఇచ్చావన్నదే చూస్తుంది. తర్వాత నా ఓవెన్లో 100 డిగ్రీల మీద రెండు గంటలు, మధ్యలో ఒకసారి తిరగెయ్యడం. చేత్తో విరిస్తే టక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉంది. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెట్టకు. వారానికి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది డీప్ ఫ్రీజర్‌లో. అరకిలో కార్జం ఎండితే 150 గ్రాములు కూడా రాదు, దొంగతనం జరిగిందనుకోకు.

అలా ఎండాక రోజుకి ఎనిమిది తొమ్మిది గ్రాములు చాలు. పచ్చి లెక్కన 30 గ్రాములన్నమాట. తాయిలాలన్నీ కలిపి రోజు తిండి కేలరీల్లో పదోవంతు దాటకూడదంటారు, కానీ కార్జంలో కేలరీల కంటే ఎ విటమిన్ని చూసుకోవాలి. నెలల తరబడి ఎక్కువైతే ఎముకలకి చేటు. పచ్చి కోడి కార్జం 100 గ్రాముల్లో దాదాపు 11,000 యూనిట్లు ఉంటుంది, గొర్రె కార్జంలో అంతకి రెట్టింపు పైనే. గుండెకాయ అలా కాదు, అది కండే. శిక్షణ రోజుల్లో ఎక్కువ ముక్కలు కావాలంటే సగం గుండెకాయ, సగం కార్జం కలుపు. కందనకాయలు నాలుగు విజిళ్ళు పెట్టి ఆరబెడితే రబ్బరులా సాగుతాయి, కాసేపు నములుతుంది.

కొండాపూర్ కుర్రాడు, హైదరాబాద్

ఇంత వంట దేనికండీ? తోడేలు ఉడకబెట్టుకుని తింటుందా? నేను రెండేళ్ళుగా మా రాట్‌వైలర్‌కి పచ్చి కార్జమే వేస్తున్నా, మటన్ షాపు నుంచి నేరుగా గిన్నెలోకి. దాని బొచ్చు మెరుపు చూడాలి.

పశువుల డాక్టర్ని, అనంతపురం వైపు

పై తమ్ముడికే ముందు. తోడేలుకీ కడుపులో పురుగులుంటాయి. అయితే అది మన పిల్లల పక్కన పడుకోదు.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివాను, ఇప్పుడు పని చేసేది గొర్రెలు ఎక్కువున్న పల్లెల్లో. కోసిన గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో అప్పుడప్పుడు తెల్లటి గోడతో నీటి సంచులు కనిపిస్తాయి. నిమ్మకాయంత ఉండొచ్చు, ఇంకా పెద్దవీ ఉండొచ్చు. కాపరులు నీటిబుగ్గలని తేలిగ్గా తీసేస్తారు. అవి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశలు. అది పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో పురుగు పెద్దదవుతుంది. పెద్దదంటే ఎంతో కాదు, అర సెంటీమీటరు. కుక్కకి ఏమీ అనిపించదు, బొచ్చు మెరుస్తూనే ఉంటుంది. గుడ్లు విరేచనంలో పడతాయి, గడ్డికీ బొచ్చుకీ మన చేతికీ అంటుతాయి. అలా మన కడుపులోకి పోతే మన కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో అదే నీటి సంచి ఏళ్ళ తరబడి పెరుగుతుంది. ఎంతోమందికి ఆపరేషన్ దాకా వెళుతుంది.

బాగా ఉడికిస్తే ఈ గొడవే ఉండదు. షాపులో అలాంటి సంచి కనిపిస్తే గుచ్చకండి, వీధికుక్కలకి విసరనివ్వకండి, లోతుగా పూడ్చమనండి లేదా కాల్చమనండి. తమ్ముడూ, మీ రాట్‌వైలర్‌కి ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మాత్ర ఎప్పుడు వేశారో మీ డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. అన్ని పురుగుల మందుల్లోనూ అది ఉండదు.

రాగి వాళ్ళమ్మ గారూ, లాబ్రడార్లలో కొన్నింటికి రాగి లోహం కాలేయంలో పేరుకుపోయే జబ్బు వస్తుంది. కోడి కార్జం 100 గ్రాముల్లో అర మిల్లీగ్రాము రాగి ఉంటే, గొర్రె కార్జంలో ఏడు మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మీ రాగికి రాగి ఎక్కువ కాకుండా చూడండి. మటన్ కార్జం మానేసి కోడిదే పెట్టండి. ఒక్కసారిగా కార్జం ఎక్కువైతే నల్లటి జారుడు మామూలే. రెండో రోజూ తారులా వచ్చినా, కుక్క డీలాపడినా మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇడ్లీ గిన్నె, కరీంనగర్

ఓవెన్ లేకుంటే ఏంది అక్కా, ఇడ్లీ గిన్నె లేదా? మా ఇంట్ల గట్లనే చేస్త. అరకిలో కార్జం ఉడకబెట్టి, చల్లారినంక మిక్సీ పట్టు. ఒక కోడిగుడ్డు, కప్పున్నర రాగి పిండి కలుపు. చపాతీ ముద్ద కన్న జర మెత్తగ ఉండాలె. ఇడ్లీ పళ్ళాలల్ల పల్చగ ఒత్తి పదిహేను నిమిషాలు ఆవిరి పట్టు. తీసి చల్లారినంక చిన్న చిన్న ముక్కలు కొయ్యి. మందపాటి పెనం మీద సిమ్ముల నలభై నిమిషాలు, కలుపుకుంట ఉండాలె, మాడితే చేదైతది. పూర్తిగ ఎండయి, అందుకని రెండు మూడు రోజులకు సరిపోయేటియే ఫ్రిజ్‌ల ఉంచి తక్కినయి ఫ్రీజర్‌ల పెట్టు.

పిండి ఉత్త రాగి పిండే వాడు. తియ్యగ ఉండే మాల్టు పొడి వద్దు. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్నదేదీ కలపకు, దాంట్ల జైలిటాల్ ఉంటే కుక్క పాణం మీదికి వస్తది. ఇంకోటి, మిక్సీ జారు వేరేది పెట్టుకో. మా అమ్మ ఆ జార్ల కొబ్బరి చట్నీ నూరినప్పుడు ఇంట్ల అయిన లొల్లి రాయాల్నంటే వేరే పోస్టు కావాలె.

రాగి వాళ్ళమ్మ, గుంటూరు

ఒక్క అనుమానం. ఇడ్లీ పళ్ళాలు మా అత్తయ్యవి, ఇత్తడివి. పెరట్లోకి తీసుకెళితే ఆమె ఒప్పుకోరు. మామూలు స్టీలు పళ్ళెంలో ఆవిరి పట్టొచ్చా?

సీతమ్మధార బాబాయ్, విశాఖపట్నం

నిక్షేపంగా. కుక్కర్లో అడుగున నీళ్ళు, చిన్న స్టాండు, దాని మీద పళ్ళెం, వెయిట్ పెట్టకుండా ఆవిరి. ఇత్తడి పళ్ళాల జోలికి పోకమ్మా, కుక్క కోసం అత్తగారితో యుద్ధం గెలిచినవాళ్ళని నేను చూళ్ళేదు.

రాగి వాళ్ళమ్మ, గుంటూరు

పదిహేను రోజులైంది, చెబుదామని వచ్చాను. మొదటి విడత పెనం మీద మాడింది. బ్లౌజు హుక్కులు కుడుతూ మర్చిపోయాను. అయినా రాగి వదల్లేదు, కానీ చేదు వాసన చూసి నేనే పెట్టలేదు. రెండో విడత కుదిరింది. సగం కార్జం, సగం గుండెకాయ, రాగి పిండి. మా ఆయన చీకట్లో టీతో పాటు ఒకటి నోట్లో వేసుకుని ఉప్పు తక్కువైందన్నారు.

ఇప్పుడు డబ్బా మూత తీస్తే మంచం కింద నుంచి తలకాయ బయటికొస్తుంది. మొదటి వారం కట్టర్ నేల మీద పెట్టి ముక్కలు పెట్టాను, అంతే. రెండో వారం కాలు పట్టుకోనిచ్చింది. నిన్న రాత్రి కుడి ముందుకాలు నాలుగు గోళ్ళు కొనలు తీశాను, నరం జోలికి పోకుండా. ఐదోదానికి కాలు లాక్కుంది, వదిలేశాను. మొత్తం 18లో ఇంకా 14 ఉన్నాయి. ఫ్రీజర్‌లో ముక్కలు చాలినన్ని ఉన్నాయి.