చంద్రుడి మీద మనిషి కాపురం: మన డబ్బు అక్కడ పెట్టాలా?

అమలాపురం ఫిజిక్స్ మాస్టారు:
నిన్న ఇక్కడ గోదావరి లంక రైతు గారు ఇలా రాశారు: "ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. 2022 జులై వరదలో మేం తాగునీటి కోసం పడవకు ఎదురుచూశాం. మీకేమో చంద్రుడి మీద ఇళ్ళు కావాలి." ఆ బాధ నాకు తెలుసు. ఆ వరదలో మా చుట్టాలూ డాబా మీదే వండుకున్నారు. అయినా మనిషి వెళ్ళాలనే అంటాను.

ముందు డబ్బు సంగతి. మన వ్యోమగాముల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కు మంజూరైంది మొత్తం 20,193 కోట్లు. అదీ కొన్నేళ్ళ మీద ఖర్చయ్యేది. 2024-25 కేంద్ర బడ్జెట్ ఒక్క ఏడాదికే 48 లక్షల కోట్లు. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు గగన్‌యాన్ మంజూరే కాలేదు. అంటే మన రైతుల కష్టాలకూ, మన మురుగు కాలువల్లో పూడిక పేరుకోవడానికీ కారణం వేరే ఉంది.

ఇక, మన డెల్టా వాళ్ళు ఉన్నచోటే ఉండిపోయిన మనుషులు కాదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు పడిపోయింది. తుంగభద్ర కాలువలు వచ్చాక సింధనూరు, గంగావతి వైపు వెళ్ళి వరి వేశారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మా తాతయ్య అన్నగారు అలా వెళ్ళినవారే. మొదట్లో గుడారంలోనే ఉన్నారట.

లంక రైతు:
మాస్టారూ, క్యాంపులకు వెళ్ళినవాళ్ళకు అక్కడ గాలి ఉందండి, నేలుంది, కాలువ నీళ్ళున్నాయి. చంద్రుడి మీద ఏముంది? ఉపగ్రహాలకు నేను వ్యతిరేకం కాదు. 1996 నవంబరు తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది, కానీ ముందే తెలిసింది కాబట్టి జనాన్ని తరలించారు. ఉపగ్రహంలో మనిషి కూర్చున్నాడా? చంద్రయాన్-3 కూడా మనిషి లేకుండానే 615 కోట్లతో దిగింది. మరి మనిషెందుకండీ?

కాకినాడ నర్సు:
అంతరిక్షంలో బరువు తెలియని చోట వ్యాయామం చేయకపోతే ఎముకల సాంద్రత నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది. చంద్రుడి కంటే పెద్దదైన అంగారకుడి మీద కూడా గురుత్వాకర్షణ మన దాంట్లో 38 శాతమే. అలాంటి చోట కడుపుతో ఉన్న ఆడమనిషి పరిస్థితేమిటో ఎవరూ చూడలేదు. కాపురం అనే ముందు అది తేలాలి మాస్టారూ.

అమలాపురం ఫిజిక్స్ మాస్టారు:
నర్సు గారి మాట పూర్తిగా ఒప్పుకుంటున్నాను. పిల్లాపాపలతో రేపే బయల్దేరమని నేను అనను. మన దేశం 2035కి కక్ష్యలో సొంత అంతరిక్ష స్టేషన్, 2040కి చంద్రుడి మీద మనిషి అనుకుంటోంది. మీరడిగిన వాటికి జవాబులు దొరికేది మనుషులు అక్కడ కొన్నాళ్ళు ఉంటేనే.

రైతు గారూ, మనిషెందుకంటే ఒకటి చెప్తాను. మనిషి లేని ఆపర్చునిటీ రోవర్ అంగారకుడి మీద 14 ఏళ్ళకు పైగా పనిచేసి 45 కిలోమీటర్లు తిరిగింది. 1972లో అపోలో 17లో దిగిన ఇద్దరు వ్యోమగాములు చంద్రుడి మీద మూడు రోజుల్లో సుమారు 35 కిలోమీటర్లు తిరిగారు. వాళ్ళలో ఒకాయన భూగర్భ శాస్త్రవేత్త. నారింజ రంగు మట్టి కంటపడగానే ఆగి, తవ్వి తెచ్చాడు. మీరు గట్టు మీద పోతూ ఒక్క ఆకు రంగు మారినా ఆగిపోతారు చూడండి, అదే చూపు.

నీళ్ళ సంగతికి వస్తే, చంద్రుడి మీద నీటి జాడ పట్టింది మన చంద్రయాన్-1. అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్‌లో చెమట, మూత్రం, ఊపిరిలో తేమ అన్నీ శుద్ధి చేసి 98 శాతం నీటిని తిరిగి రాబట్టే స్థాయికి 2023లో చేరారు. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడే మెంతులు, పెసలు మొలకెత్తించారు. చుట్టూ వరద ఉండి తాగడానికి చుక్క లేని రోజు మీరు చూశారు. తప్పనిసరైతేనే మనిషి ఇలాంటివి కనిపెడతాడని నా నమ్మకం.

లంక రైతు:
ఆ నీటి మిషను మా లంకకు తెస్తామంటే సంతోషమే. కాపురానికి మాత్రం ఇంకా ఒప్పుకోనండి. ఉప్పాడలో సముద్రం ఇళ్ళు లాక్కుపోతోంది. ముందు ఆ ఒడ్డు నిలవాలి.

అమలాపురం ఫిజిక్స్ మాస్టారు:
ఒడ్డు కోసం అర్జీ రాయండి, మొదటి సంతకం నాది. గగన్‌యాన్‌లో మనుషులు వెళ్ళే రోజు మా పిల్లల్ని శ్రీహరికోట తీసుకెళ్తాను. మీ అబ్బాయినీ పంపండి.