ప్రజావాణి అర్జీలను శాఖలకు పంపే పనిలో ఏఐ, క్లౌడ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితాలకట్ట అనే మారుపేరుతో ఒకరు అడిగిన ప్రశ్న (జవాబులూ మారుపేర్లతోనే):

తెలంగాణలో ఒక జిల్లా కలెక్టరేట్. సోమవారం ప్రజావాణికి వారానికి 300 అర్జీల దాకా వస్తాయి. ఎక్కువ భాగం చేతిరాత, కొన్ని టైపు చేసినవి, సగటున రెండు పేజీలు. ఇప్పుడు హెల్ప్‌డెస్క్ ఆపరేటర్లు చదివి ఏ శాఖకు పోవాలో ఎంచుకుంటున్నారు. తప్పు శాఖకు వెళ్లిన అర్జీ అక్కడ రెండు మూడు వారాలు పడి ఉండి, "మా పరిధి కాదు" అని తిరిగొస్తోంది. అర్జీని స్కాన్ చేసి, శాఖను ఏఐతో సూచించే ఏర్పాటు చేయాలని పైనుంచి చెప్పారు. ఒక వెండర్ జీపీయూ (ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్) సర్వర్లతో పెద్ద ప్రతిపాదన ఇచ్చాడు. నా ప్రశ్నలు మూడు. జీపీయూ నిజంగా కావాలా? క్లౌడ్ ఎలా తీసుకోవాలి? చేతిరాత తెలుగును మెషీన్ చదవగలదా?

తెలుగుడేటా:

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. అచ్చు తెలుగును టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ సాఫ్ట్‌వేర్లు (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చేవి) బాగానే చదువుతాయి. చేతిరాతను, అందులోనూ బాల్‌పెన్నుతో గొలుసుకట్టుగా రాసిన అర్జీని, నమ్మదగినట్టు చదవడం కష్టం. వత్తులు కింది వరుసలోకి దిగుతాయి, దీర్ఘాలు పోతాయి. ఆ తప్పుల పాఠాన్ని వర్గీకరణకు ఇస్తే తప్పుపై తప్పు చేరుతుంది. అందుకే చేతిరాత అర్జీకి ఓసీఆర్ మీద ఆధారపడకండి. అర్జీదారు ఎదురుగా ఉండగానే ఆపరేటర్ రెండు వాక్యాల సారాంశం టైపు చేయాలి, లేదా మైకులో చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ భాషా వేదిక భాషిణిలో తెలుగు మాటను అక్షరంగా మార్చే సేవ ఉంది. రాసినది అర్జీదారుకు ఒకసారి చదివి వినిపించాలి, అక్కడే సగం తప్పులు దొరుకుతాయి.

సర్వే నంబరును మాత్రం ఏ యంత్రానికీ వదలొద్దు. 145/అ, 145/ఆ రెండు వేర్వేరు పట్టాలు. స్కాన్‌లో ఆ దీర్ఘం కనిపించదు, మాటలో వినిపించదు. దానికి విడిగా ఒక గడి పెట్టి చేత్తో ఎక్కించాలి.

ఊరి పేర్లూ అంతే. గూడెం, గూడ, గూడెము అని ఒకే ఊరిని ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. పేరు టైపు చేయనివ్వకుండా లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ (ప్రతి ఊరికీ కేంద్రం ఇచ్చిన నంబర్ల జాబితా) కోడ్‌తో జాబితాలోంచి ఎంచుకోనివ్వండి. రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ రెండిటి కోడ్‌లూ వేరు. భూమి గొడవకు మొదటిది, వీధి దీపానికి రెండోది కావాలి.

ఇక వర్గీకరణ. వారానికి 300 చిన్న సారాంశాలకు జీపీయూ అక్కర్లేదు. మ్యూరిల్ లేదా ఇండిక్‌బర్ట్ లాంటి చిన్న మోడల్‌కు మీ పాత అర్జీలతో శిక్షణ ఇస్తే, ఆ తర్వాత మామూలు నాలుగు కోర్ల సర్వర్ చాలు. శిక్షణ రోజున కొన్ని గంటలు జీపీయూ అద్దెకు తీసుకుని ఆపేస్తే సరిపోతుంది. పెద్ద భాషా మోడళ్లకు టోకెన్ (మోడల్ పాఠాన్ని విడగొట్టే చిన్న ముక్క) లెక్కన డబ్బు కట్టే ఆలోచన ఉంటే ముందు మీ సొంత 100 అర్జీలు పెట్టి కొలవండి. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కొక్కటి మూడు బైట్లు. ఇంగ్లిష్ ప్రధానంగా తయారైన టోకెనైజర్లు దాన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి, అదే విషయానికి బిల్లు ఇంగ్లిష్ కంటే బాగా ఎక్కువ వస్తుంది.

శిక్షణకు పాత డేటా తీసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. "మొదట పంపిన శాఖ" అన్న గడిని జవాబుగా తీసుకుంటారు. మీ సమస్యే ఆ గడి తప్పు కావడం! అర్జీ చివరికి ఎక్కడ పరిష్కారమైందో ఆ శాఖను తీసుకోండి. గ్రామంలో పింఛను అర్జీ ఎంపీడీవో ద్వారా డీఆర్డీవో (జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి)కు పోవాలి, పట్టణంలో అదే అర్జీ మునిసిపల్ కమిషనర్‌కు. పోడు పట్టా అడిగినవాళ్ల అర్జీ భూమి మాట ఉందని తహసీల్దార్‌కు వెళ్తుంది, అటవీ, గిరిజన సంక్షేమ శాఖల దగ్గర తేలాల్సింది. కాబట్టి పాఠంతో పాటు ఊరు, పట్టణమా పల్లెనా అన్నదీ మోడల్‌కు ఇవ్వాలి.

సర్వర్‌గది:

క్లౌడ్ సంగతి నేను చెప్తాను. ముందు లెక్క వేసుకోండి. 300 అర్జీలు, రెండేసి పేజీలు, వారానికి 600 పేజీలు. 300 డీపీఐలో గ్రే స్కాన్ పేజీకి ఇంచుమించు ఒక ఎంబీ అనుకుంటే ఏడాదికి 31 జీబీ చుట్టూ. ఇది పెన్‌డ్రైవ్‌లో పట్టే డేటా. వెండర్ టెరాబైట్ల స్టోరేజీ అడుగుతుంటే ఆ లెక్క కాగితం మీద చూపించమనండి.

మొదట ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ), రాష్ట్ర డేటా సెంటర్లలో చోటు అడగండి. ఈ పరిమాణానికి అది చాలవచ్చు. ప్రైవేటు క్లౌడే కావాలంటే కేంద్ర ఐటీ శాఖ ఎంప్యానెల్ చేసి (ఆమోద జాబితాలో చేర్చి), ఎస్‌టీక్యూసీ (ఆ శాఖ నాణ్యత పరీక్షల విభాగం) ఆడిట్ పూర్తయిన సంస్థ నుంచి, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ ద్వారా తీసుకోవాలి. సంస్థ పేరు జాబితాలో ఉంటే సరిపోదు, మీరు కొనే డేటా సెంటరూ ఆ సేవా అందులో ఉన్నాయో లేదో చూడాలి. క్లౌడ్ సంస్థ అన్నీ అమ్ముతుంది, కానీ అన్నీ ఎంప్యానెల్ అయి ఉండవు. కొత్తగా వచ్చే ఏఐ సేవల దగ్గరే ఇది ఎక్కువగా తప్పిపోతుంది.

ప్రభుత్వ కార్యాలయాల్లో క్లౌడ్ చతికిలబడేది టెక్నాలజీ దగ్గర కాదు, ఖాతా పేరు దగ్గర. ప్రధాన ఖాతా వెండర్ ఉద్యోగి ఈమెయిల్ మీదో, ఒక అధికారి సొంత మొబైల్ మీదో తెరుస్తారు. బదిలీ కాగానే ఓటీపీ ఆయనతో పోతుంది. హోదా పేరుతో ఉన్న ప్రభుత్వ ఈమెయిల్ వాడండి. రెండో అంచె ధ్రువీకరణకు రెండు హార్డ్‌వేర్ కీలు కొని, ఒకటి సీల్డు కవరులో బీరువాలో పెట్టి, ఛార్జి అప్పగింత కాగితంలో దాన్ని కూడా రాయించండి.

డబ్బు విషయం. క్లౌడ్ బిల్లు నెలనెలా మారుతుంది, మన బడ్జెట్ పద్దు మారదు. ఒప్పందంలో నెలవారీ గరిష్ఠ మొత్తం రాయించి 50, 80, 100 శాతం దగ్గర హెచ్చరికలు పెట్టండి. బిల్లు పాసవడానికి నెలలు పట్టడం మామూలే కాబట్టి, బకాయి ఉంటే ఎన్ని రోజుల నోటీసు తర్వాతే సేవ ఆపాలో కూడా ఉండాలి. ఇది లేకపోతే ఒక సోమవారం ఉదయం స్క్రీన్ ఖాళీగా కనిపిస్తుంది.

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే నమోదులు) 180 రోజులు ఉంచాలి. చాలా సేవల్లో లాగ్‌లు మనం ఆన్ చేస్తేనే నిల్వవుతాయి. పని అప్పగించుకునే రోజునే వాటిని తెరిచి చూడండి.

అర్జీదారుకు ఇచ్చే టోకెన్ నంబరు, రసీదు ముద్రణ మాత్రం క్లౌడ్ మీద ఆధారపడకూడదు. నెట్‌వర్క్ పోయినా కౌంటర్ కంప్యూటర్‌లో నమోదై, తర్వాత పైకి చేరేలా ఉండాలి. ఆటో చార్జీలు పెట్టుకుని వచ్చిన ముసలాయనకు "సర్వర్ డౌన్" అని చెప్పే హక్కు మనకు లేదు.

పాతఫైలు:

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక హద్దు కలుపుతాను. మెషీన్ ఈ కాగితం ఎక్కడికి పోవాలో చెప్పొచ్చు. ఇవ్వాలా వద్దా అనేది చెప్పకూడదు. సమగ్ర వేదిక (వేర్వేరు శాఖల డేటాను కలిపి చూసే తెలంగాణ ప్రభుత్వ వ్యవస్థ) గుర్తుంది కదా. పేరు పోలికతో ఇంకొకరి కారు తమ ఇంటి ఖాతాలో పడి రేషన్ కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వెండర్ ప్రతిపాదనలో "ప్రాధాన్య స్కోరు", "నకిలీ అర్జీల గుర్తింపు" లాంటివి ఉంటే తీసేయించండి. ఒకే మనిషి ఐదు వారాలు వరసగా వస్తున్నాడంటే అది నకిలీ కాదు, పని కాలేదని అర్థం. పాత అర్జీ నంబరును కొత్తదానికి జత చేయండి, తిరస్కరించొద్దు.

పరీక్షించేటప్పుడు మొత్తం మీద ఇంత శాతం సరైనవి అన్న అంకెను ఒప్పుకోకండి. సగం అర్జీలు భూమివే అయితే, కళ్లు మూసుకుని అన్నిటికీ "రెవెన్యూ" అనే మోడల్‌కూ 50 శాతం వస్తుంది. శిక్షణకు వాడకుండా పక్కన పెట్టిన 200 అర్జీలను ఇద్దరు సీనియర్ గుమాస్తాలతో విడివిడిగా వర్గీకరించండి. వాళ్లిద్దరికే కుదరని చోట తప్పు మీ శాఖల జాబితాలో ఉంది, ముందు దాన్ని సరిచేయాలి. తర్వాత ఒక్కో శాఖకు విడిగా చూడండి. వికలాంగుల సంక్షేమం లాంటి చిన్న శాఖల అర్జీలు ఎక్కడ పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది.

స్క్రీన్ మీద ఒక్క జవాబు ముందే నింపి పెడితే ఆపరేటర్ అలసటలో ఎంటర్ కొట్టేస్తాడు. మూడు సూచనలు చూపించి, తనే ఎంచుకునేలా చేయండి. ఒక అర్జీలో మూడు కోరికలుంటే మూడుగా విడగొట్టే బటన్ ఉండాలి.

ఆధార్ నంబర్లు మోడల్‌కు పోకూడదు. 12 అంకెలు, మొదటిది 2 నుంచి 9 లోపు, చివరిది వెర్‌హాఫ్ సూత్రంతో వచ్చే, మిగతావి సరిచూసే అంకె. ఈ మూడూ చూసి మొదటి ఎనిమిది అంకెలు మూసేయాలి. మధ్యలో ఖాళీలు, గీతలు ఉన్నా పట్టుకోవాలి. స్కాన్ బొమ్మలో ఉన్నది ఇలా పోదు, జత చేసిన ఆధార్ జిరాక్సును స్కాన్ కట్టలోంచే తీసేయండి. 2023 డేటా రక్షణ చట్టం కింద బాధ్యత కార్యాలయానిదే, వెండర్ మీదికి నెట్టలేం. కార్యాలయ కంప్యూటర్లలో బయటి చాట్‌బాట్లు వాడొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో తన సిబ్బందికి చెప్పింది. అర్జీ ఫోటో తీసి ఉచిత యాప్‌లో పెట్టే అలవాటు మన దగ్గరా మొదలవకముందే ఆపాలి.

కాగితాలకట్ట:

ముగ్గురికీ ధన్యవాదాలండీ. జీపీయూ భాగం తీసేయమని రాస్తాను. ఒక చిక్కు మిగిలింది. పాత అర్జీల సారాంశాలు కొన్ని ఏళ్లవి అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉన్నాయి. కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. వాటిని వదిలేయాలా?

తెలుగుడేటా:

వదిలేయొద్దు, చివరి పరిష్కారం ఏ శాఖలో జరిగిందో ఉన్నవి వాటిలోనే ఎక్కువ ఉంటాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఫాంటు ఏ వెర్షన్‌దో ముందు తేల్చుకోండి, వెర్షన్ మారితే అక్షరాల పట్టిక మారుతుంది. మార్చాక 50 అర్జీలు తీసి క్ష, ర వత్తు, య వత్తు ఉన్న మాటలు కంటితో చూడండి, చెడేవి ఎక్కువగా అవే. తర్వాత మొత్తాన్ని ఎన్ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకే కోడ్‌తో రాసే యూనికోడ్ పద్ధతి) రూపానికి తెచ్చి, కనిపించని జీరో విడ్త్ గుర్తులను ఒకే పద్ధతికి తేవాలి. లేకపోతే కంటికి ఒకేలా ఉన్న రెండు ఊళ్ల పేర్లు వెతుకులాటలో కలవవు. మూల ఫైళ్లను మాత్రం అలాగే ఒక కాపీ ఉంచండి, కన్వర్టర్ తప్పు ఆరు నెలల తర్వాత బయటపడినా మళ్లీ మార్చుకోవచ్చు.